నిచ్చెనకు పూసిన నూనె

“తాతా, ఆయుధపూజకు స్కూటీ కడిగేసినాను. కొంచెం కొబ్బెర నూనె పూసి తుడిచేదా?”

తుడువమ్మా, మెరుస్తాది. కాలు పెట్టే తావు మాత్రం వద్దు. బ్రేకు కాడా వద్దు. ఎందుకంటావా... కూర్చో, చెప్తాను.

నేను డీజిలు ట్యాంకరు తోలిన కాలం అది. హోసూరు నుంచి మన కృష్ణగిరి మీద కల్లావి దాకా బంకులకు దించి వచ్చేది. డీజిలు అప్పుడు లీటరు రెండో మూడో రూపాయలు. ‘నీ చెయ్యి తగిలితే అన్నం కూడా డీజిలు వాసనే’ అని నన్ను అనేది మీ అవ్వ. సరే, అది వదిలిపెట్టు.

ఆయుధపూజ వస్తే లారీని పెండ్లికొడుకు మాదిరి చేస్తాము కదా, అరటి పిలకలు, పూలు, గంధం. ఆ యేడు నేనేం చేసినాను, నూనె గుడ్డతో ట్యాంకంతా తుడిచినాను. ఎనకాల నిచ్చెన కూడా, మెట్టు మెట్టుకూ. ముఖం కనిపించేటట్టు మెరిసింది.

మర్నాడు మత్తూరు దగ్గర బంకుకు పోయినాను. ఆడ మునిరత్నమని పనిచేస్తా ఉండె. నాకన్నా రెండేండ్లు, కాదు కాదు, మూడేండ్లు చిన్న. పోయినప్పుడల్లా నాకు టీ తెచ్చిచ్చేవాడు. లారీ వస్తే వాడు పైకెక్కి, మూత తీసి, రాడ్డు ముంచి కొలత చూడాల. ఎక్కినాడు. పై మెట్టులో కాలు జారింది. అంత ఎత్తు నుంచి నడుము నేలకు కొట్టుకునేటట్టు పడినాడు. ఆ సద్దు ఇప్పుడూ ఇనిపిస్తాది నాకు.

బంకు ఓనరు వచ్చి, ఎట్ల పడినాడని అడిగినాడు. చెప్పులేసుకొని ఎక్కినాడు సార్, అన్నాను. నా పని పోతాదని భయం, మీ నాయన అప్పుడు చంటిబిడ్డ. మునిరత్నం ఆడనే పండుకొని వింటా ఉన్నాడు. రెండు అరచేతులూ ఇట్ల చూసుకున్నాడు. అంతా నూనె. నన్ను చూసినాడు. ఆమీట చేతులు చొక్కాకు తుడిచేసుకున్నాడు.

మళ్ళా లేచి నడవలేదు వాడు. తప్పు వాడిదేనని పనిలోంచి తీసేసినారు. ఇప్పుడూ మత్తూరులో మంచం మీదనే ఉన్నాడంట. ఆ దావలో ఎన్ని తూర్లు పోయినానో, ఒక తూరన్నా లారీ నిలపలేదు. ముఖం చెల్లలేదు. పాపిని నేను.

ఆ నూనె గిన్నె ఇట్ల పెట్టు. నువ్వు చల్లగా ఉండాల తల్లీ, పోయిన చోటు నుంచి పోయినట్టే ఇంటికి రావాల. పూజ కాగానే నన్ను ఎనక కూర్చోబెట్టుకొని మత్తూరుకు పిలుచుకొని పో. నూనె పూసింది నేనేనని చెప్పాల. వాడికి తెల్సు... తెల్సులే. అయినా నా నోట వినాల కదా వాడు...