దూలం లేని ఇల్లు

బుర్కినా ఫాసోలో ఒక పల్లె. తొలివానలకు ఇంకా వారం ఉంది. అప్పుడే పూర్తయిన మట్టి ఇంటి ముందు దాన్ని కట్టిన మేస్త్రీ, కట్టించుకున్న అతని మేనత్త నిలబడి ఉన్నారు.

“అయిపోయిందంటావేంట్రా! కప్పుకి దూలాలేవి? రేకులేవి?”

“అక్కర్లేదత్తా. కమానులా వంచి కట్టాను. గోడకీ కప్పుకీ ఒకటే ఇటుక, ఎండలో ఎండిన మట్టి ఇటుక.”

“బట్టీలో కాల్చనే లేదా?”

“ఒక్క పుల్ల కాల్చలేదు. సిమెంటు లారీ పొగ కూడా మన ఊళ్ళోకి రాలేదు. దూలాల కోసం కొట్టెయ్యమన్నావే, ఆ షియా చెట్టు కూడా పొలంలో అట్లాగే ఉంది.”

“కొట్టలేదా! మరి గొడ్డలి పట్టుకెళ్ళావుగా?”

“నువ్వు ఊరుకుంటావని.”

“ఒరేయ్ దొంగా! ఆ చెట్టు గింజల నుంచి తీసిన వెన్న అమ్మి మా అమ్మ మమ్మల్ని పెంచింది. కొట్టమన్న రోజు నాకు సంకటి కూడా గొంతు దిగలేదు.”

“నీ మొహం చూస్తేనే తెలిసిపోయింది.”

“అంతా బానే ఉంది. వానకి కప్పు నెత్తిన పడితే?”

“పైన చదును చేసి, నీళ్ళు జారిపోయేట్టు మట్టి పూత వేశా. నువ్వే ఎక్కి చూడు. నిచ్చెన నేను పట్టుకుంటా.”

“గట్టిగా పట్టుకో... ఆఁ, ఎక్కాను.”

“మెల్లగా అడుగెయ్యి.”

“మెల్లగా ఏంట్రా, బండలా ఉంటే!”

“అత్తా! ఆ గంతులేంటి? తలగుడ్డ జారిపోతోంది!”

“జారనీ! ఒసేయ్ తిపోకో! రస్మతా! ఇరుగుపొరుగంతా రండే, నా ఇంటి నెత్తిమీద చిందులేద్దాం!”

“ముందు నువ్వు దిగత్తా.”

“దిగను. నువ్వే పైకి రా.”

“నాకు చిందెయ్యడం రాదు. ఊరంతా నవ్వుతుంది.”

“నవ్వాలనేగా అందర్నీ పిలుస్తున్నా! ఎక్కు!”