ఎర్ర దారం కొస

అన్న పెద్దకర్మ అయిన మరునాడు, కాశిబుగ్గ ఇంట్లో ఆయన మంచం పక్కన తాను బిగించిన, ఊపిరిని కనిపెట్టే చిన్న బోర్డును, దాన్ని ఫోన్‌కు కలిపే వైరుతో సహా విప్పుతున్నాడు ఉమాకాంత్. వదిన భవాని వచ్చి నిలబడింది.

“ఊపిరి తగ్గితే ఫోన్ మోగుతదంటివి. నేను పక్క అర్రల మగ్గం మీదనే ఉంటి. ఎందుకు మోగలే?”

“బోర్డు తనంతట తాను చెప్పదు వదినా. ఫోన్ అడుగుతాంటెనే ఇది జవాబిస్తది.”

“మరి ఫోన్ ఎందుకు అడగలే?”

“వైరుకు ఎర్ర దారం కట్టిన కొస ఎందుల పెడితే, అడిగే పని దానిది. అందుకే దాన్ని ఫోన్‌కే పెట్టాలె.”

“తిప్పి పెడితే?”

“బోర్డుకు అడుగుడు రాదు, ఫోనేమో బోర్డే అడుగుతది గదా అని ఊకుంటది.”

ఆమె మంచం అంచున కూర్చుంది. “ఆయన పోయిన పొద్దుగాల పక్క దులిపి, వైరు నేనే మళ్ల పెట్టిన. ఏ కొస ఎటు పెట్టిన్నో యాదికి లేదు. జర చూసి చెప్పు.”

ఎర్ర దారం బోర్డు దిక్కే ఉంది. అది ఎందుకు కట్టాడో అతను వదినకు చెప్పడం ఇవాళే మొదటిసారి.

“సక్కగనే పెట్టినవ్ వదినా. నా బోర్డే కాలిపోయింది,” అంటూ ఆ కొసను పిడికిట్లో దాచుకున్నాడు.