అయిపోని రీలు

డిపో ఎదురు టీకొట్టు బెంచీ మీద, పాత కెమెరా ఒళ్ళో పెట్టుకుని కండక్టర్ మొదలుపెట్టాడు. పక్కన అతని బావమరిది, ఎలక్ట్రీషియన్, చల్లారిన టీ తాగుతున్నాడు.

"డిజిటల్ ఎందుకు మానేశానంటారా? అందులో వెయ్యి తీస్తాం, ఒక్కటీ చూడం. రీలు కెమెరా అలా కాదు, ఆచితూచి నొక్కాలి. రీలుకి ముప్పై ఆరు ఫోటోలు, అంతే. అదీ మామూలు మనుషులకి. నాకు నలభై వచ్చాయి."

"చివర్లో రెండు మూడు ఎక్కువ రావడం మామూలేలే," అన్నాడు ఎదురుబెంచీ మీద టీ తాగుతున్న దర్జీ.

"ఆగవయ్యా, నలభైతో ఆగితే నీకెందుకు చెప్తాను? రీలు జరిపే మీట లాగాను, వచ్చింది. నొక్కాను, పడింది. మళ్ళీ లాగాను, మళ్ళీ వచ్చింది! నాకే అర్థం కాలేదనుకో. బస్సు నిండిపోయినా 'ముందుకి జరగండమ్మా, కాస్త సర్దుకోండి' అని ఇంకో పదిమందిని ఎక్కిస్తాను కదా, ఆ అలవాటు రీలుకి కూడా పట్టిందేమో అనుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వంద దాటింది!"

వడపోస్తున్న టీకొట్టాయన చెయ్యి ఆగిపోయింది. "ముప్పై ఆరులో వంద ఎలా పడతాయి?"

"అదే కదా నేనూ అడిగేది! మెరుపు మెరిసింది, నొక్కేలోపు పోయింది. 'ఏయ్, ఇంకోసారి' అన్నాను. వచ్చి, నేను ఫోకస్ సరిచేసుకునేదాకా అక్కడే నిలబడింది. సాయంత్రం సగం దిగిపోయినవాడు నన్ను చూసి మళ్ళీ పైకొచ్చి, వెలుతురు సరిపోతుందా అన్నట్టు చూశాడు."

"ఎవరు?"

"సూర్యుడయ్యా!"

దర్జీ తల గోక్కున్నాడు.

"ఇక మా అక్క కూతురి పెళ్ళి. ఫోటోగ్రాఫర్ని పెడతానంది అక్క. నేనుండగానా? అందరి ఫోన్లూ లోపల పెట్టించేశాను. పొద్దుగూకేదాకా నొక్కుతూనే ఉన్నాను. పెళ్ళికొడుకు కళ్ళు మూస్తే కెమెరా మొరాయించింది, తెరిచాకే క్లిక్‌మంది. పెళ్ళికి రానివాళ్ళు కూడా పడ్డారు! అయినా రీలు అవలేదే! లోపల అదే అల్లుకుంటోంది, సాలెపురుగులా. ఆల్బమ్ ఏదిరా అని అక్క రోజూ ప్రాణం తీస్తోంది. అయితే కదా కడిగించడానికి!"

బావమరిది గ్లాసు కింద పెట్టాడు. "బావా, మీట లాగినప్పుడు ఎడమవైపు ఆ గుండీ తిరుగుతుందా?"

"ఇదా? చచ్చినా కదల్దు. గట్టి కెమెరా."

"ఏదీ, లాగు."

లాగాడు. గుండీ కదల్లేదు. నొక్కి మళ్ళీ లాగాడు. ఉలుకూ పలుకూ లేదు.

"అది తిరగాలి బావా. తిరగట్లేదంటే రీలు కొస లోపల పట్టుకోలేదు. ఎక్కించిన రోజు ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది."

కండక్టర్ కెమెరాని తిప్పి తిప్పి చూశాడు. "మరి నలభై? వంద? మెరుపూ?"

"అన్నీ ఒక్కచోటే పడ్డాయి."

నవ్వబోయిన దర్జీ అతని మొహం చూసి గ్లాసులోకి తల దించుకున్నాడు. కండక్టర్ జేబులో ఫోను మోగింది. అక్క.

"ఒరేయ్ బామ్మర్దీ, ఇప్పుడేం చెప్పనురా?"

"ఎవర్నీ వదల్లేదని చెప్పు బావా. పెళ్ళికొచ్చిన అందరూ ఒకే ఫోటోలో ఉన్నారు. ఒకరి మీద ఒకరు."