అదే వస్తాది

రాజాం బస్టాండు పక్కన ధనరాజ్ కంప్యూటర్ల షాపు. కౌంటరు ముందు అక్క మొగుడు సోములు నిలబడి ఉన్నాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నా హార్డ్‌డిస్కు నువ్వు పోగొట్టినావు."

"పోగొట్టడమేటి బావా? ఇదిగో సూడు, పెట్టె కూడా విప్పనేదు. శానామందికి ఎవుళ్లదో పాతది బాగుసేసి పంపుతారు. నీకు కొత్తది వచ్చింది."

"ఇది నాది కాదు."

"నీదే. పాడైపోయిన నీదాని బదులు..."

"నాదాని మీద మీ అక్క పేరు రాసి ఉన్నాది. తాయారు అని. నీ మేనకోడలు రేఖ రాసింది. ఏదీ, దీనిమీద సూపించు."

"అది కంపెనీకి ఎల్లిపోనాది బావా."

"తెప్పించు."

"రాదు. వారంటీలో మార్సినారంటే పాతది వాళ్లదే. తిరిగి ఇవ్వరు."

"మరి బాగుసెయ్యమని నీకిచ్చిన రోజు నేనేటడిగినాను? ఇక్కడే నిలబడి అడిగినాను. ఇదే మళ్లీ వస్తాదా అని. నువ్వేటన్నావు?"

"ఏటన్నాను..."

"అదే వస్తాది బావా, అన్నావు."

"అదే అంటే... అదే కంపెనీ, అదే సైజు అని. ఒక్కోసారి ఆ రకం నేకపోతే ఇంకోటి అంటగడతారు. అలగ కాదు, అదే వస్తాదని. షాపుల్లో అందరం అలగే అంటాం."

"మా ఇళ్లల్లో అదే అంటే అదే."

"లోపల ఏటున్నాదో నువ్వు సెప్పనేదు కదా బావా."

"మీ అక్క ఉన్నాది, జాగర్త అన్నాను."

"ఫొటోలనుకున్నాను. ఫొటోలైతే మా ఇంట్లో ఉన్నాయి, అమ్మ దగ్గిర..."

"ఫొటో మాటాడతాదా?"

"వీడియోనా?"

"ఒక్కటే. ఆసుపత్రిలో తీసింది. మాట పడిపోకముందు."

"ఫోన్లో ఉంటాది బావా. రేఖనడుగు. విజయనగరంలోనే ఉన్నాది కదా, ఫోన్ కలపమంటావా?"

"ఫోను నిండిపోయిందని ఆ పిల్లే దీన్లోకి ఎక్కించి, ఫోన్లోంచి తీసీసింది. ఇందులో అయితే బద్రం నాన్నా, మూడేళ్లు వారంటీ ఉన్నాది అంది."

"వారంటీ డబ్బాకి బావా. లోపల ఉన్నదానికి కాదు. అందరికీ తెలిసిందే."

"నాకు తెలీదు. నాకు తెలీదని నీకు తెలుసు."

"అయినా అది పాడైపోయింది కదా. టిక్కు టిక్కుమంటాది, అంతే. ఎంత సేసినా తెరుసుకోనేదు."

"పాడైనదాంట్లోంచి తీసేవోళ్లు నేరా?"

"ఉన్నారనుకో..."

"ఎక్కడ?"

"విశాఖపట్నంలో ఒకడున్నాడు. కానీ వాడు డిస్కు విప్పాలి. సీలు తీస్తే వారంటీ పోతాది."

"పోతే?"

"పోతే కొత్తది రాదు కదా బావా."

"కొత్తది ఎవడడిగినాడు?"

"అది కాదు..."

"సెప్పు. ఎవడడిగినాడు?"

"నీకు నష్టం రాకూడదనే సేసినాను. కొంచెం నెమ్మదిగా బావా, బయట జనం ఉన్నారు."

"ఉండనీ. నీ షాపులో జనం ఎప్పుడు నేరు? జనం ఉన్నారనే కదా ఆసుపత్రికి రానేదు."

"కాలేజీలు తెరిసే రోజులు. షాపు మూసీసి రాడానికి... రేపు ఎల్దాం, రేపు ఎల్దాం అనుకున్నాను. అక్క అంత తొందరగా..."

"నేనడగనేదు నిన్ను. మీ అక్కే అడిగింది. తలుపు కదిలితే సాలు, ధనరాజేనా అని."

"బావా, వద్దు."

"సర్లే."

"పొద్దున్న కంపెనీకి ఫోన్ సేసినాను. నువ్వు బయల్దేరినావని తెలిసినాక. పాతది తుక్కులో ఏసీసినాం అన్నారు. అది నీకెలగ సెప్పాలో తెలీక..."

"సెప్పీసినావు కదా. అయిపోయింది."

"అందులో అక్క ఏటంది బావా? నీతో ఏటంది?"

"నాతో కాదు."

"రేఖతోనా?"

"రేఖ ఫోను పట్టుకుంది. నేను దాని తల ఎత్తి పట్టుకున్నాను."

"మరెవుళ్లతో?"

"నీతో. ఒరే తమ్ముడూ అని మొదలెట్టింది."

"నాతోనా... మరి ఆ రోజు సెప్పనేదేటి బావా? డిస్కు నా సేతికిచ్చినప్పుడు?"

"నీకు సూపించడానికే తెచ్చినాను. ఇంట్లో ఆడనేదు. నీకైతే ఆడించడం తెలుసనుకున్నాను. సెప్పబోయినాను. నీ ఫోను మోగింది. మాటాడతానే డిస్కు సంచిలో పడీసినావు."

"ఏటందో సెప్పు. నువ్వు విన్నావు కదా."

"విన్నాను."

"తిట్టిందా?"

"నీ కొత్తది నువ్వే ఉంచుకో."

"తిట్టినా సెప్పు బావా. నీ కాళ్లు పట్టుకుంటాను. పోనీ రేఖనైనా..."

"నేను వద్దంటే రేఖ సెప్పదు. అది నీకోసం అన్న మాట. నువ్వే తుక్కుకి పంపీసినావు. ఇంక నా నోట రాదు. నన్నెప్పుడూ అడక్కు."