షాఫ్టులో పిచ్చుక కూత

నా అసలు పేరు కాగితం పైన రాసుకున్నారు. ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. అందరూ చెవి మేస్త్రీ అంటారు. వయసు అరవై ఒకటి. వృత్తి కార్ల రిపేరు. బస్సు డిపో వెనక వీధిలో, టైర్ల కొట్టు పక్కనున్న రేకుల షెడ్డు నాది. ముప్పై ఎనిమిదేళ్లుగా అక్కడే పని చేస్తున్నాను. నన్నెవరూ పిలిపించలేదు. ఈ రోజు, ఇరవై ఐదో తేదీ మంగళవారం, ఉదయం తొమ్మిదిన్నరకి నా అంతట నేనే పోలీసు స్టేషనుకి వచ్చి ఈ వాంగ్మూలం ఇస్తున్నాను.

బయట బల్ల మీద కూర్చున్నది నా మేనకోడలు, మా అక్క కూతురు. వయసు ఇరవై తొమ్మిది. పదకొండేళ్లుగా నా దగ్గరే పని చేస్తోంది. డ్రైవింగ్ స్కూలు కారు కేసులో, బండికి చేసిన పని రాసే జాబు కార్డు మీద ఆమె సంతకం ఉందని నిన్న పిలిపించారు, ఇవాళ మళ్లీ రమ్మన్నారు. షాఫ్టు తానే విని, బాగుందని తానే తేల్చానని ఆమె మీకు చెప్పిందట. అది అబద్ధం. విన్నది నేను. సరిగ్గా చెప్పాలంటే, వినలేకపోయింది నేను.

నా పేరు వెనక సంగతి చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇనుము మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే లోపల ఏ బేరింగు ఏడుస్తోందో తెలుస్తుంది. చాలామంది మెకానిక్కులు చేస్తారు. నాకు అందరికన్నా బాగా వచ్చేది. అందుకని మా షెడ్డులో ఒక పద్ధతి పడిపోయింది. నేను వినకుండా ఎవరూ నట్టు విప్పకూడదు. విన్నాక స్క్రూడ్రైవరుతో ఇనుము మీద రెండుసార్లు తడతాను. తట్టానంటే తీర్పు అయిపోయినట్టే. ఆ తర్వాత ఎవరూ మారుమాట్లాడరు. ఈ పద్ధతి పెట్టింది నేనే. వేరే షెడ్ల నుంచి బళ్లు తోసుకుని మరీ నా చెవి కోసం వచ్చేవాళ్లు. ఒట్టి చెవి, అయ్యా. దానికంత గర్వం.

రెండేళ్ల కిందట నా చేతివాచీలో అలారం మోగడం మానేసింది. బ్యాటరీ మార్పించాను. మోగలేదు. మళ్లీ మార్పించాను. మూడోసారి వెళ్తే, డిపో గేటు దగ్గర వాచీలు బాగుచేసే ఆయన దాన్ని నా కుడి చెవి దగ్గర పెట్టాడు. తర్వాత ఎడమ చెవి దగ్గర పెట్టాడు. తర్వాత నా మొహంలోకి చూశాడు. మోగుతూనే ఉంది మేస్త్రీ, అన్నాడు. సన్నటి చప్పుళ్లు నాకు పోయాయని అప్పుడు తెలిసింది. గుయ్యిమనే మోత వినిపిస్తుంది, దడదడ వినిపిస్తుంది. కీచుమనేది వినిపించదు. ఎవరికీ చెప్పొద్దని ఆయన్ని బతిమాలుకున్నాను. ఇంట్లో మా ఆవిడకి కూడా చెప్పలేదు. కావాలంటే ఆయన్ని పిలిచి అడగండి. ఆ వాచీ ఇదే.

తర్వాత మనుషుల మాటలు కూడా తేడా వచ్చాయి. కస్టమరు ఒకటి చెబితే నేను ఇంకోటి రాసేవాణ్ణి. అందుకని జాబు కార్డులు రాసి సంతకం పెట్టే పని మేనకోడలికి అప్పజెప్పాను. కళ్లు సరిగా ఆనడం లేదని సాకు చెప్పాను. నా కళ్లకేం రోగం లేదు. ఆమె సంతకం మీ కాగితాల్లోకి వచ్చింది అలాగే.

డ్రైవింగ్ స్కూలు టీచరమ్మ ఈ నెల మూడో తేదీ సోమవారం, పది గంటల ఇరవై నిమిషాలకి కారు తెచ్చింది. ఇరవై ఆరేళ్ల బండి, వెనక చక్రాలతో నడిచేది. నేర్పేవాళ్లకోసం పక్క సీటు దగ్గర కూడా బ్రేకు, క్లచ్చి ఉన్నాయి. వేగం నలభై ఐదు దాటితే కాళ్ల కింద రేకు వణుకుతోందని, అరవైకి వచ్చేసరికి నేర్చుకునేవాళ్లు భయపడి స్టీరింగు వదిలేస్తున్నారని ఆమె చెప్పింది. మేనకోడలు తోలి చూసింది. అరవైలో గేరు తీసేసి బండిని ఊరికే పోనిచ్చినా వణుకు తగ్గలేదు. అంటే ఇంజను తప్పు కాదు. చక్రాలు ముందువి వెనక్కి మార్చాం, బ్యాలెన్సు చేయించాం. వణుకు అక్కడే ఉంది. ఇక మిగిలింది వెనక ఇరుసు, దానికి ఇంజను బలాన్ని మోసుకుపోయే పొడుగాటి షాఫ్టు.

పన్నెండో తేదీ బుధవారం బండి వెనక భాగం ఎత్తి, గేరులో తిప్పించి నేను విన్నాను. వెనక ఇరుసు దగ్గర గుయ్యిమంటోంది. రెండుసార్లు తట్టాను. అందులో బేరింగు మార్చాం. అది అరిగిన మాట నిజమే. మోత తగ్గింది, వణుకు తగ్గలేదు.

పంతొమ్మిదో తేదీ బుధవారం, పదకొండు గంటలకి టీచరమ్మ మళ్లీ వచ్చింది. మేనకోడలు అద్దాలు దించి, పక్కింటి గోడ వెంబడే బండిని నడిచినంత నెమ్మదిగా పోనిచ్చింది. గోడ పక్కనైతే అడుగున పుట్టిన సన్నటి చప్పుడు తిరిగొచ్చి చెవిలో పడుతుంది. ఆ కిటుకు నేను నేర్పిందే. ఆమె దిగి వచ్చి, "మామయ్యా, పిచ్చుక కూసినట్టు వినిపిస్తోంది. షాఫ్టు ముందున్న క్రాసు ఎండిపోయినట్టుంది. విప్పి చేత్తో తిప్పి చూద్దాం" అంది.

క్రాసు అంటే షాఫ్టు చివర దాని మెడ వంగడానికి ఉండే నాలుగు కొమ్ముల ఇనప ముక్క. విప్పడానికి నాలుగు నట్లు. అరగంట పని.

నేను ఆమె పక్కన కూర్చుని అదే గోడ వెంబడి వెళ్లాను. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడుసార్లూ ఆమె నా మొహం చూసింది. మూడుసార్లూ నాకేమీ వినబడలేదు. వినబడలేదని చెప్పే బదులు, పిచ్చుక గోడ మీద ఉందేమో చూడు అన్నాను. మా షెడ్డులో వెల్డరు నవ్వాడు, టైర్ల కొట్టువాడు నవ్వాడు. వాళ్లు నవ్వేసరికి నాకు ఊపు వచ్చింది. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. మళ్లీ బండి వెనక భాగం ఎత్తి తిప్పించి, కింద దూరి, క్రాసుని ఆనుకుని ఉన్న గేరు పెట్టె మీద స్క్రూడ్రైవరు పెట్టి, పిడి చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాను. నిమిషంపాటు విన్నట్టు నటించాను, అయ్యా. ఆ మాట అలాగే రాయండి. రెండుసార్లు తట్టాను. షాఫ్టు బాగుంది, రాయి అన్నాను.

ఆమె కలం మూత పెట్టేసింది. "చెయ్యి పెట్టి చూస్తే పోయేదేముంది మామయ్యా" అంది. నేను తట్టాక మా షెడ్డులో ఎవరైనా ఎదురు మాట్లాడడం అదే మొదటిసారి. నేను మళ్లీ తట్టాను. రాసి సంతకం పెట్టింది.

టీచరమ్మకి నేనే చెప్పాను, పాత బండి కదా, మోకాళ్ల నొప్పుల్లాంటిదే, అలవాటు పడాలి అని. "మీ చెవి మీద నమ్మకమే మేస్త్రీగారూ. నా కాలే ఒప్పుకోవడం లేదు" అని ఆమె బండి తీసుకుని వెళ్లింది.

ఇరవై ఒకటో తేదీ శుక్రవారం, ఉదయం ఎనిమిదీ నలభైకి, పెద్ద వంతెన దిగిన చోట ఆ క్రాసు విరిగింది. షాఫ్టు ముందు కొస రోడ్డు మీద పడి గుచ్చుకుంది, బండి వెనక భాగం ఎగిరి పక్కకి తిరగబడింది. నేర్చుకుంటూ తోలుతున్న ఆవిడ గీతలతో బయటపడింది. టీచరమ్మ కాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. మళ్లీ పెడలు తొక్కగలదో లేదో డాక్టర్లు ఇంకా చెప్పడం లేదు.

నేను తొమ్మిదీ పావుకి అక్కడున్నాను. విరిగిన ముక్క చేతిలోకి తీసుకున్నాను. లోపలి సూదుల్లాంటి బేరింగులు తుప్పు పట్టి ఎర్రటి పొడి అయిపోయాయి. చేత్తో ఒక్కసారి తిప్పితే బరబరలాడేది, ఎవరికైనా తెలిసేది. ఇప్పుడు తలుచుకుంటుంటే ఆ పొడి నా వేళ్ల సందున ఇంకా ఉన్నట్టే ఉంటుంది. ఎన్నిసార్లు కడుక్కున్నా అంతే.

మేనకోడలు మీకు ఏం చెప్పిందో ఈ ఉదయం ఏడింటికి వెల్డరు చెబితే తెలిసింది. తిన్నగా ఇక్కడికి వచ్చి, నువ్వెందుకలా చెప్పావని బల్ల దగ్గర ఆమెని అడిగాను. ఆమె లేచి నా ఎడమ పక్కకి వచ్చి నిలబడింది. అప్పుడు గుర్తొచ్చింది, ఏడాదిగా ఆమె ఎప్పుడూ నా ఎడమ పక్కనే నిలబడుతోంది. నాకు కాస్తో కూస్తో మిగిలింది ఆ చెవే. "షెడ్డుకి నీ పేరే కదా మామయ్యా ఉన్నది. నీకు వినబడదని నేనెలా చెప్పను" అంది.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, కొరుక్కు తింటున్నావా అన్నాడట. ఆ సామెత చెప్పి నేను జీవితంలో చాలామందిని ఆట పట్టించాను. ఆమె ఊదాల్సినంతా ఊదింది. జాబు కార్డు మీద సంతకం ఆమెది, మాట నాది, తప్పు నాది. ఆమెని ఇంటికి పంపేయండి. ఏ శిక్షయినా నాకే వెయ్యండి. నేను బాగా అలిసిపోయాను. విన్నట్టు తలూపడం చాలా కష్టమైన పని, అయ్యా. రెండేళ్లు చేశాను.

ఈ వాంగ్మూలం రాసుకున్న రైటరుగారు ఇదంతా నాకు చదివి వినిపించారు. పైన ఫ్యాను తిరుగుతోంది. నాకు సగం మాటలు అందలేదు. అలవాటు కొద్దీ తలూపాను. తర్వాత తలూపడం తప్పని ఒప్పుకుని, ‘చదివి వినిపించగా విన్నాను’ అని చివర రాసిన మాట కొట్టేయించాను. కాగితాలు అడిగి తీసుకుని, మొదటి నుంచి చివరి దాకా నా కళ్లతో నేనే చదువుకున్నాను. ఇందులో ఉన్నదంతా జరిగినదే, ఎవరూ బలవంతం చేసి చెప్పించలేదు.

సంతకం చేశాను. కొట్టివేత పక్కన ఇంకో సంతకం చేశాను.