వద్దన్నదెవరు

"వెళ్లు."

"ఏటి, ఎల్లమంటావా?"

"వెళ్లమంటున్నా కదా. రేపు గణపతిరావుగారికి వస్తానని చెప్పేసి లారీ ఎక్కెయ్."

"అంతేనా?"

"ఇంకేటి కావాలి? హారతి పట్టాలా?"

"సత్యా, నేనేటన్నానో సరిగ్గా ఇన్నావా? జీపు మానేసి లారీ డ్రైవరుగా ఎల్లనా అని అడిగాను. ఇక్కణ్ణుంచి అల్లం, కాఫీ లోడేసుకుని హైదరాబాదు. అక్కణ్ణుంచి ఆళ్లు ఎక్కడికంటే అక్కడికి. నెలలో ముప్పాతిక వంతు ఇంట్లో ఉండను."

"విన్నాను. ఇంట్లో ఉండవు."

"తలెత్తి సెప్పు."

"కాఫీ గింజలు ఏరుతున్నాను బావా. తలెత్తితే నల్లది పోయి మంచివాటిలో కలుస్తాది."

"అదే సూత్తన్నాను. నిన్న సెప్తే ఉలకలేదు, పలకలేదు. అన్నం పెట్టి, అటు తిరిగి పడుకున్నావు. ఇయాల 'వెళ్లు, వెళ్లు' అంటన్నావు. మధ్యలో ఏటయ్యింది?"

"తెల్లారింది."

"ఏ ఇంట్లోనైనా మొగుడు లారీ ఎక్కుతానంటే పెళ్లాం ఏం సేత్తాది?"

"ఏం చేస్తాది?"

"ఏడుత్తాది. పుట్టింటికి పోతానంటాది. పిల్లల్ని ముందర కూకోబెట్టి, ఈళ్ల మొహాలు సూసి మాటాడు అంటాది."

"మా పుట్టిల్లు పక్క వీధే. వెళ్లినా నీకు తెలీదు. పిల్లలా, ఒకర్తి బడిలో, ఒకడు నిద్రలో. ఎవరి మొహం చూస్తావు?"

"నవ్వులాట కాదు."

"నేను నవ్వలేదే."

"పొద్దున్న అరకు ఎందుకెల్లావు?"

"ఎవరు చెప్పారు?"

"గోపి. జీపు తోలేవోడి పెళ్లాం ఇంకో జీపెక్కితే తెలీకుండా ఉంటాదా? ముందు సీట్లో కూకున్నావంట."

"వెనక సీట్లో మేక ఉంది."

"మేకుంటే?"

"నా కొంగు నములుతోంది. ముందుకొచ్చాను. కావాలంటే మేకనడుగు, సాక్ష్యం చెప్తాది."

"నా జీపుండగా ఆడి జీపెందుకు?"

"నీ జీపు టైరు ఊడదీసి ఇటుకల మీద పెట్టావు. ఇటుకల మీద అరకు వెళ్లడం నాకు రాదు."

"ఏ పని మీద ఎల్లావు?"

"బేబికి చెప్పులు."

"ఏవి?"

"తేలేదు."

"అరకులో ఏడేళ్ల గుంట కాలికి సెప్పులే లేవా?"

"గులాబి రంగువి ఉన్నాయి. దానికి నీలం కావాలంట. మొండితనం ఎవరిదో మరి."

"సత్యా, నన్ను పంపించేసి ఏం సేద్దామనుకుంటన్నావు?"

"నిద్రపోదామనుకుంటున్నాను. నీ గురక లేకుండా."

"ఆ గోపి..."

"గోపి ఏటి?"

"ఏం లేదు."

"ఇంకోసారి ఆ పేరెత్తావంటే ఈ గింజలన్నీ నీ నెత్తిన పోస్తాను. ఏరుకోడం కూడా నువ్వే."

"సరే, సరే. ఆడి సంగతి కాదు. నీకు భయం లేదా అని. కింద ఊళ్లలో డ్రైవర్లు సెడిపోతారంట."

"నువ్వా? చెడిపోవాలన్నా కొంచెం ఓపిక ఉండాలి బావా."

"నేనక్కడ ఇంకోదాన్ని ఉంచుకుంటే?"

"చింతపండు ఎక్కువైతే నీకు కడుపులో మంటని దానికి ముందే చెప్పు. పాపం, తెలీక పులుసు పెడతాది."

"సిన్నోడి సంగతో? ఇప్పుడిప్పుడే పాకుతన్నాడు. నేనొచ్చేసరికి నడిసేత్తాడు."

"నువ్వున్నా నడుస్తాడు. దానికి నీ అనుమతి అడగడు."

"నన్ను సూసి ఎవడో అనుకుని ఏడుత్తాడు."

"గేటు దగ్గర హారన్ కొట్టు. అలవాటు పడతాడు."

"మనకి గేటెక్కడిది?"

"లారీ జీతంతో పెట్టిస్తావుగా."

"అదిగో! అన్నిటికీ సమాధానం ముందే వండి పెట్టుకున్నావు. ఎవరితోనో మాటాడుకునొచ్చావు."

"మాటాడితే?"

"ఎవరితో?"

"అనుమానం నీకొక్కడికే ఇచ్చాడా దేవుడు? ఇప్పుడు నేనడుగుతాను. మొన్న గణపతిరావుగారి లారీలో, ఆ పాత డ్రైవరు సింహాచలం పక్కన కూర్చుని, రాజమండ్రి దాకా తోలి చూసొచ్చావు. ఎలా ఉంది?"

"బాగుంది."

"లారీ?"

"బాగుంది."

"రోడ్డు?"

"రోడ్డు... బాగుంది."

"మన పెళ్లినాడూ ఇంతే. ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది, ఎవరేటడిగినా బాగుంది, బాగుంది. ఏం జరిగింది బావా?"

"ఏం జరగలేదు."

"ఎవర్నైనా గుద్దావా?"

"ఎహే."

"లోడులో ఏటైనా... అదీ... ఆకులాంటిది..."

"గంజాయా? సిన్నోడి మీద ఒట్టు, అల్లం! నా సొక్కా నుంచి అల్లం వాసన రాలేదా?"

"వచ్చింది. అందుకే ఇంకా అనుమానం. కింద అది పెట్టి పైన అల్లం పరుస్తారంట."

"బస్తాలన్నీ నేనే దగ్గరుండి ఎక్కించాను. నేను ఆ పని సేసేవోడిలా కనిపిత్తన్నానా?"

"లేదు. కానీ వచ్చిన కాణ్ణుంచి జీపు ముట్టుకోని వాడిలా కనిపిస్తున్నావు. పంచరు వేయించడానికి ఇన్ని రోజులా? పొద్దున్న లేస్తే బోనెట్ తుడిచేవాడివి. మొహం కడుక్కున్నా లేకపోయినా."

"ఒక మాట సెప్తాను, కోప్పడకు."

"చెప్పు."

"నువ్వు వద్దను."

"ఏటి?"

"ఒక్కసారి వద్దను సత్యా. 'ఎల్లొద్దు బావా' అను. అంతే. నేను పోయి 'మా ఆవిడ ఒప్పుకోలేదండి' అని సెప్పేత్తాను. అయిపోతాది."

"అదీ సంగతి! ఇందాకట్నుంచి దాని చుట్టూ తిరుగుతున్నావు. పిల్లలు, గోపి, మేక, నువ్వు ఉంచుకోబోయేదాని పులుసు..."

"పులుసు నువ్వన్నావు."

"నేను అనను బావా."

"ఎందుకు? నోరరిగిపోద్దా?"

"మా నాన్నని చూసావు కదా."

"సుక్రు మావకేటి?"

"కుర్రతనంలో బైలడిల్లా ఇనప గనుల్లో పనుందని పిలిచారంట. వెళ్లలేదు. అమ్మ వద్దందంట. ఇక అప్పట్నుంచి, పప్పు పలచనైతే, 'మీ అమ్మ ఆపకపోతే గనుల్లో ఉండేవాణ్ణి'. ఇల్లు కురిస్తే, 'మీ అమ్మ ఆపకపోతే'. కోడి తప్పిపోయినా అదే మాట. మా అమ్మ ఆ ఒక్క మాట జీవితమంతా మోసింది."

"మీయమ్మ నిజంగానే వద్దందా?"

"అంది. ఎందుకందో తెలుసా? అక్కడికి రైలెక్కి వెళ్లాలి, మా నాన్నకి రైలంటే భయం. ఇప్పటికీ అరకు రైలు సొరంగంలోకి దూరితే కళ్లు మూసుకుని అమ్మ చెయ్యి పట్టుకుంటాడు. ఆయన నోటితో చెప్పుకోలేక అమ్మ నోట అనిపించుకున్నాడు. నా నోట మాత్రం ఆ మాట రాదు. వెళ్తే నీ కాళ్లతో వెళ్లు. మానితే నీ నోటితో మాను."

"రోడ్డు తిన్నగా ఉంది."

"ఏటి?"

"రోడ్డు. అనకాపల్లి దాటాక తిన్నగా ఉంది సత్యా. గీత గీసినట్టు. మలుపే లేదు."

"దానికేటి? మంచిదే కదా."

"నీకు తెలీదు. మన ఘాట్‌లో నా సెయ్యి ఊరుకోదు, కాలు ఊరుకోదు. మలుపొచ్చింది, హారన్ కొట్టాలి, గేరు దింపాలి, అటునుంచి ఎవడొత్తన్నాడో సెవితో సూడాలి. అక్కడ ఏం లేదు. స్టీరింగ్ పట్టుకుని బొమ్మలా కూకోవాలి. నేను ఊరికే హారన్ కొట్టాను."

"ఎవరికి?"

"ఎవరికీ లేదు. సింహాచలం కూడా అదే అడిగాడు, 'ఎవరికి కొడుతున్నావురా, రోడ్డుకా' అని."

"నవ్వొద్దు అంటే నవ్వను."

"నవ్వు. తర్వాతది ఇన్నాక నవ్వు. నిద్రట్టేసింది."

"పట్టపగలా?"

"మిట్టమజ్జానం. తెలీకుండానే కళ్లు మూసుకుపోయాయి. తెరిసేసరికి సింహాచలం నా మీదకొంగి స్టీరింగ్ లాగుతన్నాడు. బండి రోడ్డు దిగి సగం మట్టిలో ఉంది. అవతల బస్సు కోసం ఒకావిడ నిలబడింది. సంకలో పిల్లోడు. మన సిన్నోడంత ఉంటాడు."

"తగిలిందా?"

"లేదు. తగల్లేదు. ఆవిడ నన్ను తిట్టను కూడా లేదు. పిల్లోణ్ణి ఇటు సంక నుంచి అటు సంకకి మార్సుకుంది. అంతే."

"తర్వాత?"

"మిగతా దారంతా సింహాచలమే తోలాడు. ఎవరికీ సెప్పనన్నాడు. కొండ మీద నన్ను మించినోడు లేడని గణపతిరావుగారు నలుగురిలో అంటాడు. ఆ నలుగురితో నేను, తిన్నని రోడ్డు సూసి బెదిరిపోయానని ఎలా సెప్పను?"

"నాకు చెప్పొచ్చు కదా."

"నీకసలే సెప్పలేను."

"ఇప్పుడు చెప్పావుగా. ఇంకొక్కటి మిగిలింది. అది కూడా చెప్పెయ్."

"ఏటి?"

"వెళ్తావా, వెళ్లవా?"

"ఎల్లను."

"ఎవరు వద్దన్నారు?"

"ఎవరూ అనలేదు. నాకే ఇష్టం లేదు. నువ్వు ఎల్లమన్నావు. నేనే ఎల్లను."

"ఇంకోసారి చెప్పు."

"ఏటే, బడిలో పద్యం అప్పజెప్పించుకున్నట్టు?"

"పప్పు పలచనైన రోజు కూడా నీకు గుర్తుండాలి."

"ఉంటాది. నేనే ఎల్లను. సాలా?"

"చాలు. రేపు టైరు వేయించు. టూరిస్టుల్ని ఎక్కించుకో. మన మలుపులంటే వాళ్లకి హడల్. డబ్బులిచ్చి మరీ భయపడతారు."

"నీకు కోపం లేదా?"

"కోపమెందుకు? గేటు పెట్టించలేదని తప్ప."

"బరువు దిగిపోయింది సత్యా. ఫోనిలా ఇయ్యి."

"ఎందుకు?"

"గణపతిరావుగారికి సెప్పేత్తాను."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నోట్లో మాట ఉండగానే."

"రేపు చెప్దువులే."

"రేపటికి ఈ ధైర్యం ఉంటాదో ఉండదో."

"ఆయన భోంచేస్తుంటాడు."

"పొద్దింకా కుంకలేదు, భోజనమేటి?"

"సిగ్నల్ ఉండదు."

"ఇదిగో, రెండు గీతలున్నాయి."

"బావా, గింజలు బేగి లోపల పెట్టాలి. వానొచ్చేలా ఉంది. ముందు ఆ పట్టా అటు పట్టుకో."

"మబ్బు ఎక్కడుంది? నువ్వు సెయ్యి తియ్యి. ఫోను వదులు."

"ఫోనెందుకు, నేరుగా వెళ్లి చెప్తే మర్యాదగా ఉంటాది. వచ్చే వారం..."

"సత్యా. ఇంతసేపూ నీ నోటితో సెప్పు, నీ నోటితో సెప్పు అని పీక మీద కూకున్నావు. ఇప్పుడు సెప్తానంటే అడ్డం పడతన్నావు. ఏటి సంగతి?"

"ఏం సంగతి లేదు. చిన్నోడు లేచినట్టున్నాడు. లోపలికెళ్తా."

"లేవలేదు. కూకో. నువ్వూ ఇను. స్పీకర్లో పెడతన్నాను."

"స్పీకరెందుకు?"

"రేప్పొద్దున్న నువ్వు ఆపావని నేనంటే నీకో సాక్ష్యం ఉండాలి కదా. మేక కంటే ఈయనే నయం. ఉష్... మోగుతంది."

"బావా, వద్దు."

"హలో! గణపతిరావుగారా? నేనండి, ఫల్గుణని. జీపు ఫల్గుణని."

"ఆ, సెప్పు ఫల్గుణా."

"లారీ సంగతండి. మీరేం అనుకోకండి. నేను రాలేనండి. నాకే ఇష్టం లేదండి. మా ఆవిడ పాపం ఎల్లమనే అంటంది. ఇందులో ఆవిడదేం లేదండి."

"ఏటయ్యా, మొగుడూ పెళ్లాలూ కలిసి నాతో ఆటలాడతన్నారా? ఆ బండికి మజ్జానమే ఇంకొకణ్ణి పెట్టేసాను. పొద్దున్నే మీ ఆవిడ అరకులో మా ఇంటికొచ్చి, 'ఆయనకి ఎల్లాలనే ఉందండి, ఆయన లేకుండా నేనుండలేనండి, మీరే ఏదో వంక సెప్పి వద్దనెయ్యండి' అని మా ఆవిడ హేమలత ఒళ్లో తలెట్టుకుని ఏడిసింది. నీకు తెలీనివ్వొద్దని నా సేత ఒట్టు కూడా... అయ్యో!"