పదమూడడుగుల నిచ్చెన

ఆఖరి గంట కొట్టాక లెక్కల మాస్టారు ఒక పదో తరగతి అమ్మాయిని స్టాఫ్ రూముకి పిలిపించి, జవాబు పేపరు ఆమె ముందుకు తోశారు. చూసి రాసేవాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట.

"ఈ జవాబు ఎక్కడ చూసి రాశావు?"

"ఎక్కడా చూడలేదు సార్. గుర్తుంది."

"నా చెవిలో పువ్వులు పెట్టకు. నిచ్చెన పొడవు పదమూడడుగులు. దాని కాళ్లు గోడకి ఐదడుగుల దూరంలో ఉన్నాయి. గోడ మీద ఎంత ఎత్తు అందుతుంది? లెక్కంతా శుభ్రంగా చేశావు, పన్నెండు రావాలి. చివర్న పద్నాలుగు వేశావు. నిట్టనిలువునా నిలబెట్టినా ఆ నిచ్చెన పద్నాలుగు అందుకుంటుందా?"

"అందుకోదు సార్."

"తెలిసే రాశావా?"

"పుస్తకం వెనక జవాబుల్లో పద్నాలుగే ఉంది సార్."

"అది అచ్చుతప్పు! బొమ్మ గీసి చూస్తే చంటిపిల్లలకైనా తెలుస్తుంది."

అమ్మాయి జామెట్రీ బాక్సు తెరిచి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచింది. అది పోయిన నెల పరీక్ష పేపరు. అందులోనూ అదే నిచ్చెన. పన్నెండు మీద ఎర్ర సిరాతో ఇంటూ, కింద మాస్టారి సంతకం.

ఆయన గొంతు తగ్గింది. "అప్పుడే వచ్చి అడగొచ్చుగా?"

"అడిగాను సార్. 'పుస్తకం కన్నా నీకెక్కువ తెలుసా' అని పీరియడంతా నిలబెట్టారు."

మాస్టారు ఎర్ర పెన్ను మూత కోసం బల్లంతా వెతికారు. అది ఆయన చేతిలోనే ఉంది.

"రేపు పబ్లిక్ పరీక్షలో ఏది రాయమంటారు సార్?"